రక్తం పడిన నేల ఎవరిని శపిస్తుంది?

రెండేళ్ల కిందట, తొలకరికి ముందు, మా గూడెంలో మూడు రాత్రులు ప్రార్థన కూటం జరిగింది. బయటి నుంచి వచ్చిన ఒక బోధకుడు చివరి రాత్రి మైకులో గట్టిగా చెప్పాడు: మీ నేల శాపం కింద ఉంది, మీ తాతముత్తాతలు రాళ్లకు, చెట్లకు రక్తం పోశారు, అందుకే మీకు రోడ్డు లేదు, బోరు వేస్తే నీళ్లు పడలేదు. తెల్లవారి కొందరు నూనె సీసాలు పట్టుకుని పొలిమేర చుట్టూ నడిచారు. ఆ రోజు బడిలో ఏడో తరగతి పిల్ల లేచి నిలబడి, "సార్, మనది శాపం పట్టిన భూమా?" అని అడిగింది. మేము వెంటనే జవాబు చెప్పలేకపోయాం. డి.ఎడ్.లో పిల్లల మనసు గురించి ఒక పేపరు చదివి పాసయ్యాం గాని, ఇలాంటి ప్రశ్న అందులో రాలేదు.

మా చుట్టాల్లో క్రీస్తును నమ్మినవాళ్లున్నారు. మా మేనమామ ఇంట్లో సగం మంది ప్రార్థనకు వెళ్తారు, సగం మంది పెర్సాపేన్‌కు మొక్కుతారు, అందరూ ఒకే పొయ్యి మీద వండింది తింటారు. కాబట్టి ఎవరి నమ్మకాన్నీ ఎగతాళి చేసే ఉద్దేశం మాకు లేదు. ఆ పిల్లకు ఒక జవాబు బాకీ పడ్డాం. ఆ జవాబు కోసం బైబిలే తెరిచాం.

నేల రక్తంతో చెడుతుందన్న మాట అందులో నిజంగానే ఉంది. ఆదికాండములో కయీను తన తమ్ముడు హేబెలును పొలంలో చంపుతాడు. తమ్ముడి రక్తం నేలలో నుంచి మొరపెడుతోందని దేవుడు అంటాడు. ఇక్కడ కాస్త ఆగి చదవాలి. శాపం ఎవరికి తగిలింది? కయీనుకు. అతడు దున్నినా నేల ఇక సారం ఇవ్వదు. చచ్చినవాడి పక్షాన నిలబడి చంపినవాడికి పంట ఇవ్వనంటున్న నేల అది. మా పెద్దలు ఈ కథ వింటే తల ఊపుతారు. భూమికి అన్నీ తెలుసని వాళ్లూ అంటారు.

ద్వితీయోపదేశకాండము 21వ అధ్యాయంలో ఇంకొక సంగతి ఉంది. పొలంలో శవం దొరికింది, చంపిందెవరో తెలియదు. అప్పుడు పెద్దలు వచ్చి శవం నుంచి చుట్టూ ఉన్న ఊళ్లకు దూరం కొలుస్తారు. ఏ ఊరు దగ్గరైతే ఆ ఊరి పెద్దలు ఒక పెయ్యను ఏటి లోయకు తీసుకెళ్లి దాని మెడ విరిచి, చేతులు కడుక్కుని, ఈ రక్తం మేము చిందించలేదు, మా కళ్లు చూడలేదు అని చెప్పాలి. మాకు ఇందులో నచ్చింది ఆ కొలత. ఎవరు చేశారో తెలియదని ఎవరూ ఇంటికి వెళ్లిపోవడానికి లేదు. దగ్గరున్నవాడు వచ్చి నిలబడాలి.

ఈ నమ్మకం లోకంలో ఎలా నడిచిందో రెండు చోట్ల చూద్దాం.

మొదటిది ఫిజీ దీవులు. విటి లెవు అనే పెద్ద దీవి లోపలి కొండల్లో నబుటౌటౌ అనే పల్లె ఉంది. 1867లో అక్కడివాళ్లు థామస్ బేకర్ అనే మెథడిస్టు మిషనరీని, అతని వెంట వచ్చిన ఫిజీ క్రైస్తవులను చంపారు. చంపి తిన్నారు. అతని బూటు మిగులు ఇప్పటికీ సువా నగరం మ్యూజియంలో ఉంది. తర్వాత ఆ పల్లె కూడా క్రైస్తవంలోకి వచ్చింది. కాని రోడ్డు రాలేదు, బడి రాలేదు, వైద్యం రాలేదు. ఇదంతా ఆ హత్య తెచ్చిన శాపమేనని ఊరి జనం నమ్మారు. 2003 నవంబరులో బేకర్ వంశస్థులను ఆస్ట్రేలియా నుంచి పిలిపించి, తమ ఆచారం ప్రకారం తిమింగలం పళ్లు, నేసిన చాపలు ముందు పెట్టి క్షమించమని అడిగారు. ఆ దేశ ప్రధాని లైసెనియా కరాసే కూడా వచ్చాడు. హత్య జరిగి అప్పటికి 136 ఏళ్లు.

క్షమాపణ అడిగిన తీరు మాకు బాగుంది. మనుషుల ఎదుట కూర్చుని, ఊరంతా ఒక్కటై అడిగారు. కాని రోడ్డు లేని గూడెంలో పుట్టినవాళ్లం కనుక ఒక మాట అనకుండా ఉండలేం. కొండ మీది పల్లెకు రోడ్డు ఎందుకు రాదో మాకు తెలుసు. ఓట్లు తక్కువ, ఖర్చు ఎక్కువ. నాలుగు తరాల పాటు ఆ జనం ఆ లెక్కను కూడా తమ పాపంలో కలుపుకుని మోశారు.

రెండోది అమెరికా. 1864 నవంబరు 29న కొలరాడోలో సాండ్ క్రీక్ అనే ఏటి ఒడ్డున చెయెన్, అరపాహో ఆదివాసులు గుడారాలు వేసుకుని ఉన్నారు. శాంతి కోరుతున్నామని, సైన్యం రక్షణలో ఉన్నామని నమ్మారు. వాళ్ల పెద్ద బ్లాక్ కెటిల్ తన గుడారం మీద అమెరికా జెండా ఎగరేశాడు. అయినా సైనికులు కాల్చారు. సుమారు 230 మంది చనిపోయారు, ఎక్కువమంది ఆడవాళ్లు, పిల్లలు, ముసలివాళ్లు. ఆ సైన్యాన్ని నడిపిన కల్నల్ జాన్ చివింగ్టన్ మెథడిస్టు చర్చి పాస్టరు. అతనికి ఏ శిక్షా పడలేదు. తన మనుషులను కాల్చనివ్వని సైలస్ సోల్ అనే అధికారి విచారణలో నిజం చెప్పి, 1865లో డెన్వర్ వీధిలో హత్యకు గురయ్యాడు. మెథడిస్టు చర్చి మహాసభ ఈ రక్తానికి క్షమాపణ చెప్పింది 1996లో, అంటే 132 ఏళ్లకు. కొలరాడో గవర్నరు చెప్పింది 2014లో.

రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. ఒకచోట ఆదివాసులు పాస్టరును చంపారు, ఇంకోచోట పాస్టరు ఆదివాసులను చంపించాడు. మొదటి చోట శాపం పల్లెకు పట్టిందన్నారు. రెండో చోట ఆ నేల మీదికి రైలు వచ్చింది, పట్నాలు వచ్చాయి, గోధుమ పండింది. రోడ్డు లేకపోవడమే శాపానికి గుర్తయితే డెన్వర్‌కు రోడ్డు ఉండకూడదు కదా! మా గూడెంలో మైకు పట్టుకున్నాయన ఈ లెక్క వేసుకున్నట్టు లేదు.

తాతల పాపం మనవలు మోయాలా అన్నది ఇంకా కష్టమైన ప్రశ్న. బైబిలు లోపలే దీని మీద రెండు మాటలున్నాయి. తండ్రి దోషం కొడుకు మోయడని యెహెజ్కేలు 18వ అధ్యాయం తెగేసి చెబుతుంది. కాని సమూయేలు రెండవ గ్రంథం 21వ అధ్యాయంలో మూడేళ్ల కరువు వస్తుంది. సౌలు రాజు గిబియోనీయులను, అంటే మాట ఇచ్చి బతకనిచ్చిన ఒక చిన్న జాతిని, చంపినందుకు ఆ కరువు. దావీదు వాళ్లనే పిలిచి, ప్రాయశ్చిత్తంగా ఏం చేయాలని అడుగుతాడు. అక్కడిదాకా న్యాయమే. వాళ్లు వెండి బంగారాలు వద్దని, సౌలు వంశంలో ఏడుగురిని అడుగుతారు. ఆ ఏడుగురినీ కొండ మీద చంపి వేలాడదీస్తారు. వాళ్లలో ఇద్దరు రిస్పా అనే స్త్రీ కొడుకులు. ఆమె బండ మీద గోనెపట్ట పరుచుకుని, యవల కోత మొదలైన రోజు నుంచి వాన పడేదాకా, పగలు పక్షులను, రాత్రి అడవి మృగాలను ఆ శవాల మీదికి రానివ్వలేదు. ఆ సంగతి విన్నాకే దావీదు కదిలి, సౌలు ఎముకలను, యోనాతాను ఎముకలను తెప్పించి, వేలాడినవాళ్ల ఎముకలనూ ఏరించి, సౌలు తండ్రి సమాధిలో పాతిపెట్టించాడు. దేవుడు దేశం కోసం చేసిన ప్రార్థన విన్నది ఆ తర్వాతనే అని రాసి ఉంది. ఏడుగురు వేలాడిన మరునాడే విన్నాడని రాయలేదు. మేము చదివినంతలో ఆ నేలను బాగుచేసింది రిస్పా కావలి. క్రైస్తవ పెద్దలు మాతో ఒప్పుకోకపోవచ్చు. యేసు రక్తం హేబెలు రక్తం కంటే మేలైన మాట పలుకుతుందని, ఇక వేరే రక్తం అక్కర్లేదని వాళ్ల నమ్మకం. అదే నిజమైతే మా పొలిమేరలో నూనె సీసాల పని కూడా ఉండకూడదు.

ఇక మన నేల సంగతి. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీం రక్తం పడింది. ఆ కొండను శాపం పట్టినదని మనలో ఎవరూ అనలేదు. ఏటా ఆశ్వయుజ పున్నమికి బియ్యం మూట కట్టుకుని అక్కడికే పోతాం. 1981 ఏప్రిల్ 20, సోమవారం, ఇంద్రవెల్లిలో సంత రోజు. భూమి హక్కు కోసం సభకు వచ్చిన గోండుల మీద పోలీసులు కాల్పులు జరిపారు. ప్రభుత్వ లెక్క 13 మంది. మన పెద్దల లెక్క అంతకు చాలా ఎక్కువ. ఏళ్ల తరబడి ఆ తేదీ వస్తే చాలు నిషేధాజ్ఞలు పెట్టారు, చచ్చినవాళ్ల తల్లులు స్థూపం దగ్గరికి వెళ్లి ఏడవడానికి కూడా లేకుండా. రిస్పాను బండ మీద నుంచి ఎవరూ లేపలేదు.

సాండ్ క్రీక్ వాళ్ల మనవలు ఏటా ఆ ఏటి ఒడ్డు నుంచి డెన్వర్ దాకా పరుగు తీస్తారు. ఆ పరుగుకు వాళ్లు పెట్టుకున్న పేరులో మాన్పడం అనే అర్థం ఉంది. దెబ్బ తిన్నవాళ్లే అక్కడ మందు కూడా వెతుక్కుంటున్నారు. గాయం చేసిన పక్షం మాత్రం వంద ఏళ్లు దాటాక వచ్చింది. ఇంద్రవెల్లికి 21వ అధ్యాయం కొలత పెడితే దగ్గరి ఊరు ఏది, ఎవరి పెద్దలు వచ్చి నిలబడాలి అని తరగతిలో అడిగాం. పిల్లలు ఒక్కొక్కరు ఒక్కో పేరు చెప్పారు. ఒకడు హైదరాబాద్ అన్నాడు. అంత దూరం ఎలా దగ్గరవుతుందిరా అంటే, "తుపాకులు అక్కడివే కదా సార్" అన్నాడు.

మొదట ప్రశ్న వేసిన పిల్లకు మేము చెప్పింది ఇంతే: అమ్మా, మన భూమి ఎవరినీ చంపలేదు. తాతలు కోడిని కోసి మొక్కిన చోటు వేరు, మనిషిని కాల్చిన చోటు వేరు. రెండింటినీ ఒకే రక్తం కింద లెక్కగట్టేవాళ్లను ఏ అధ్యాయంలో ఉందో చూపించమని అడుగు, మర్యాదగా అడుగు.

ఆ పిల్ల ఇప్పుడు తొమ్మిదో తరగతి. రోడ్డు ఇంకా రాలేదు. కిందటి నెల గూడెం అంతా కలిసి అర్జీ రాసినప్పుడు మొదటి సంతకం తనదే కావాలని పట్టుబట్టింది. చిన్నపిల్లల సంతకం చెల్లదంటే వినలేదు. చివరికి పటేల్ దాదా నవ్వి, తన వేలిముద్ర పక్కన చోటు వదిలాడు.