సొలొమోను మంటపంలో శీతకాలం

ధ్యాన భాగం: యోహాను సువార్త 10:22–39; అపొస్తలుల కార్యములు 3:1–11

అమెరికాలోని మినియాపోలిస్‌లో పాత ఇళ్లు చాలావాటికి ముందువైపు అద్దాలు బిగించిన వరండా ఉంటుంది. అక్కడి మనవాళ్లు కూడా పోర్చ్ అనే అంటారు. వేసవిలో ఇంటిల్లిపాదికీ అదే కావాలి. నవంబరు దాటిందా, అటు తొంగిచూసేవారు ఉండరు. బూట్లు, మంచు తోసే పార, ఖాళీ అట్టపెట్టెలు అక్కడికి చేరతాయి. జనవరి రాత్రి మైనస్ 20 డిగ్రీల సెల్సియస్ కిందికి దిగడం ఆ ఊరికి కొత్త కాదు. ఒంటిపొర అద్దం ఆ చలిని ఏం ఆపుతుంది?

పోర్చ్‌ను వెచ్చబరచాలనుకున్నవాళ్లు ముందు ఫైబర్‌గ్లాస్ చుట్టల కోసం కొట్టుకు పరుగెడతారు. పని తెలిసినవాడు ముందు సందులు వెతుకుతాడు. గాలి వీచే రోజున వెలిగించిన అగరుబత్తిని కిటికీ చట్రం పక్కన, తలుపు కింద, గోడ నేలను కలిసే చోట పట్టుకుంటే చాలు, పొగ వంగి సందు ఎక్కడుందో చూపిస్తుంది. ఆ సందులు పూడ్చాకే గోడలోకి ఫైబర్‌గ్లాస్. దానిలో వేడిని నిలిపేది గాజునార కాదు, నార మధ్య కదలకుండా ఉండిపోయిన గాలి. అదే గాలి సందులోంచి పారిందంటే ఇంట్లో ఉన్న కాస్త వెచ్చదనాన్నీ ఎత్తుకుపోతుంది.

ఎక్కువమంది మరిచిపోయేది నేలను. చాలా పోర్చ్‌లు పొట్టి స్తంభాల మీద నిలబడి ఉంటాయి, కింద అంతా బయలే. గోడలకు ఎన్ని కప్పినా పాదాలు కొంకర్లు పోతాయి. నేల దూలాల మధ్య గట్టి ఫోమ్ పలకలు కోసి బిగించాలి. ఆవిరి సంగతి ఇంకా చిత్రం. అన్నం ఉడికిన ఆవిరి, స్నానాల తడి, మన ఊపిరి కూడా గోడలోకి దూరి, చల్లబడ్డ చెక్కను తాకి నీరవుతాయి. గోడ లోలోపల కుళ్లేది ఆ నీటితోనే. అందుకే చలిదేశాల్లో ఆవిరిని ఆపే పొరను గోడకు వెచ్చని వైపున, అంటే లోపలివైపున వేస్తారు. (ఇన్ని సందులు మూశాక అక్కడ కిరోసిన్ హీటరు మాత్రం వెలిగించకండి. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు.)

ఇంత శ్రమ ఎవరికోసం? ఇంటికి మరో గది కలిసొస్తుంది, అమ్మేటప్పుడు ధర పలుకుతుంది అంటారు. కాదనను. కానీ సువార్తలో ఒక శీతకాలం ఉంది, ఒక వరండా ఉంది.

వాతావరణం గురించి యోహాను రాయడం అరుదు. ఇక్కడ మాత్రం అది శీతకాలమనీ, యేసు సొలొమోను మంటపంలో నడుస్తున్నాడనీ చెబుతాడు. ఆ మంటపం దేవాలయ ఆవరణకు తూర్పువైపున ఉండేది. స్తంభాల మీద కప్పు, ఒక పక్క గోడ, మరో పక్క బయలు. యెరూషలేము సముద్రమట్టానికి దాదాపు 750 మీటర్ల ఎత్తున ఉంది. చలికాలపు వానలు, గాలులు అక్కడ మామూలే. అగస్టీను ఈ శీతకాలాన్ని వినేవారి హృదయాల్లోని చలిగా చదివాడు. అందమైన ఆలోచనే. నాకు మాత్రం ముందు కనిపించేది నిజమైన చలి. వాన తగలకుండా కప్పు కింద నడుస్తున్న ప్రభువు కనిపిస్తాడు. ఆయన చేతులూ చల్లబడే ఉంటాయి.

అది ఆలయ ప్రతిష్ఠ పండుగ. అంతియొకస్ ఎపిఫనేస్ అపవిత్రం చేసిన ఆలయాన్ని క్రీ.పూ. 164లో యూదా మక్కబీ శుద్ధి చేసి తిరిగి ప్రతిష్ఠించిన జ్ఞాపకం. ఊరంతా పండుగలో ఉంటే మంటపంలో యేసును చుట్టుముట్టి నిలదీశారు. చివరికి రాళ్లు పట్టుకున్నారు.

ఆవరణలో అన్యులు దాటకూడని రాతి అడ్డుగోడ ఒకటి ఉండేది. దాటితే మరణమేనని గ్రీకులో చెక్కిన హెచ్చరిక రాయి 1871లో బయటపడింది. ఇప్పుడది ఇస్తాంబుల్ మ్యూజియంలో ఉంది. మంటపం ఆ గోడకు ఇవతలే. లోపలికి రానివ్వనివారు కూడా నిలబడగలిగిన చోటు. పుట్టుకుంటివాడు, నలభై ఏళ్లు దాటినవాడు, స్వస్థత పొందాక పేతురు యోహానులను పట్టుకుని వదలనిది అక్కడే. సొంత భవనం లేని తొలి విశ్వాసులు కూడుకున్నదీ అక్కడే.

మన పోర్చ్ దాకా వచ్చేవారెవరు? పార్సిల్ తెచ్చిన కుర్రాడు. బూట్లు విప్పడం దేనికిలే అని గుమ్మంలోనే మాట్లాడే పొరుగాయన. ఆదివారం ఆరాధన కూటానికి పిలిస్తే వచ్చి, “పర్లేదన్నా, ఇక్కడే ఉంటా” అని నిలబడిపోయే కొత్త విద్యార్థి. వీళ్లందరికన్నా ముందు, ఒంగోలు నుంచో ఖమ్మం నుంచో ఆరు నెలలకు వచ్చిన అమ్మ. ఆమెకు ఆ దేశంలో అరుగంటూ ఉంటే అదొక్కటే. శాలువా కప్పుకుని, వీధిలో మనిషి అలికిడి కోసం చూస్తూ కూర్చుంటుంది. ఆమె కుర్చీ కిందనే నేల గడ్డకట్టి ఉంటుంది.

ప్రార్థన: ప్రభువా, చలిలో నడిచినవాడవు నీవు. మా గుమ్మం దాకా వచ్చి లోపలికి రావడానికి మొహమాటపడేవారిని ఈ రోజు మాకు గుర్తుచేయి. వారికి కుర్చీ వేసే ఓపిక, పక్కన కూర్చునే తీరిక మాకివ్వు. మాలోంచే పుట్టి మా గోడలను కుళ్లబెట్టే తడిని చూపించు. యేసు నామంలో వేడుకుంటున్నాము. ఆమేన్.