పాత ఆట, దొంగ ప్రతి : కాయకధర్మ విచారము

కాయకమనగా సత్యశుద్ధమైన శ్రమ. దాసోహమనగా ఆ శ్రమఫలమును నాదన్న అహంకారము విడిచి జంగమమునకు, సమాజమునకు అర్పించుట. శరణమార్గమున నడచు గృహస్థునకు ఏ ధర్మసందేహము కలిగినను ఈ రెండింటితో తూచి చూచుకొనవలెను. నేడు పిల్లలు కోరెడి వీడియో ఆటల విషయమున కలుగు సందేహమును ఇందుకు మినహాయింపు కాదు.

సందేహమిది. ఒకడు వేల రూపాయలు పెట్టి కొత్త ఆట కొనలేక, మరొకడు ఆడి విడిచిన డిస్కును తక్కువ వెలకు కొనును. వేరొకడు అదే ఆట యొక్క దొంగప్రతిని వెల లేకయే కంప్యూటరులోనికి దింపుకొనును. ఆటను తయారుచేసిన వారికి ఈ ఇద్దరివలనను పైకము ముట్టలేదు. అట్లయినచో మొదటివాడు నిర్దోషి, రెండవవాడు దోషి యగుట ఎట్లు?

ఈ ప్రశ్న కొట్టివేయదగినది కాదు. జపాను దేశమున ఆటల కంపెనీలే దీనిని న్యాయస్థానముల వరకు తెచ్చినవి. చలనచిత్రముల ప్రతులపై నిర్మాతలకుండు పంపిణీహక్కు ఆటలకును వర్తించుననియు, తమ అనుమతి లేక దుకాణదారులు పాత ఆటలు అమ్మరాదనియు అవి వాదించినవి. 1999లో టోక్యో న్యాయస్థానము దుకాణదారుల పక్షమున, ఒసాకా న్యాయస్థానము కంపెనీల పక్షమున తీర్పు చెప్పినవి. తుదకు 2002 ఏప్రిల్ 25న ఆ దేశపు సుప్రీంకోర్టు వివాదమును ముగించినది. కంపెనీలకు పంపిణీహక్కు ఉన్న మాట నిజమే. కాని ఒక ప్రతి న్యాయముగా ఒకసారి అమ్ముడైన పిమ్మట ఆ ప్రతిపై ఆ హక్కు తీరిపోవునని నిర్ణయించినది.

ఇందలి ధర్మము పల్లెలో ఎవరికైనను తెలిసినదే. రైతు తన పాత నాగలిని పొరుగువానికి అమ్మినచో వడ్రంగి వచ్చి మరల కూలి అడుగడు. అతని శ్రమకు ఫలము మొదటనే ముట్టినది. నాగలి పొరుగింటికి పోయినది, అమ్మినవాని ఇంట లేదు. పాత డిస్కు అట్టిది. దొంగప్రతి విషయమున ఇచ్చినవాడు ఏమియు కోల్పోడు, పుచ్చుకొన్నవాడు ఏమియు ఇయ్యడు. ఒక్క కూలితో వేయి నాగళ్లు పుట్టుచున్నవి. కనుక ‘కంపెనీకి నావలన ఎంత ముట్టినది’ అనునది సరియైన ప్రశ్న కాదు. ‘నా చేతనున్న ఈ ప్రతికి ఎన్నడైనను, ఎవరైనను కూలి చెల్లించిరా’ అని అడుగుకొనవలెను.

‘దొంగప్రతి వలన ఎవరి గాదెయు తరుగలేదు గదా’ అనువారు ఆయ్దక్కి మారయ్య కథను తలచవలెను. బసవేశ్వరుని మహామనె ముంగిట రాలిన బియ్యపు గింజలు ఏరి తెచ్చుట ఆ శరణుని కాయకము. ఒకనాడు ఆయన అవసరమునకు మించి తెచ్చెను. భార్య లక్కమ్మ అది చూచి, ఇది ఆశయని మందలించి, అధికమైన బియ్యమును తిరిగి అచ్చటనే పోసి రమ్మనెను. ఆ గింజలవలన మహామనెకు లోటు రాలేదు, అడ్డగించినవారును లేరు. లక్కమ్మ గాదెను చూడలేదు, భర్త మనస్సును చూచెను. పరులు విడిచినదానిని న్యాయముగా పొందుట చిన్నతనము కాదు. కావున పాతది కొనుటకు సిగ్గుపడ నక్కరలేదు. సులభముగా దొరికినదని హద్దు మీరుటయే దోషము.

చట్టమును ఈ హద్దును గుర్తించినది. భారతదేశపు 1957 కాపీరైటు చట్టములోని 63బి సెక్షను ప్రకారము, దొంగప్రతియని తెలిసియు కంప్యూటరు ప్రోగ్రామును వాడినవానికి 7 దినములనుండి 3 సంవత్సరముల వరకు కారాగారము, 50 వేలనుండి 2 లక్షల రూపాయల వరకు జరిమానా కలవు. లాభాపేక్ష లేని వాడుక అయినచో శిక్ష తగ్గించు అధికారము న్యాయస్థానమునకు ఉన్నది. అయినను భక్తుని ఆపవలసినది చెరసాల భయము కాదు. హైదరాబాదు, పూణే, బెంగుళూరు నగరములలో ఎందరో యువకులు, యువతులు ఆటల నిర్మాణమున బొమ్మలు గీయుచు, ప్రోగ్రాములు వ్రాయుచు జీవించుచున్నారు. అదియు కాయకమే.

కొందరు దొంగప్రతులను స్నేహితులకు పంచి, దానిని ఔదార్యమని తలంతురు. అది దాసోహము కాదు. తనది కానిదానిని దానము చేయు అధికారము ఎవరికిని లేదు. తాను కొన్న డిస్కును పొరుగు బాలునికి పది దినములు ఎరువిచ్చుట దాసోహమునకు దగ్గరైనది. ఏలయన ఆ పది దినములు తన సుఖమును తాను విడుచుచున్నాడు.

పాతది కొనువాడును జాగ్రత్త వహింపవలెను. అమ్మువాడు తనకొక నకలు ఉంచుకొని అసలు డిస్కును అమ్మినచో ఆ అమ్మకమున సత్యశుద్ధి లేదు. అట్లే, మొదటనే దొంగప్రతియైన డిస్కు ఎన్ని చేతులు మారినను శుద్ధము కానేరదు.

కంపెనీల వైపున లోపము లేదనుటకు వీలు లేదు. డిస్కు లేక, దింపుకొను రూపముననే అమ్మబడు ఆటలను కొన్నవాడు సాధారణముగా మరల అమ్ముకొనలేడు. అతనికి దక్కునది వాడుకొను అనుమతి మాత్రమే. ఈ సంగతిని కొనువానికి స్పష్టముగా తెలుపవలెనని అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రము చేసిన చట్టము 2025 జనవరి 1 నుండి అమలులోనికి వచ్చినది. అట్టి షరతు నచ్చనివాడు డిస్కును కొనవచ్చును, లేదా కొనక మానవచ్చును. ఒకని లోభము మరొకని చౌర్యమునకు అనుమతి కానేరదు.

బిడ్డ ఆట కావలెనని మారాము చేసినప్పుడు తల్లిదండ్రులకు ధర్మమార్గములు లేకపోలేదు. ధర తగ్గువరకు ఆగవచ్చును, పాతది కొనవచ్చును, ఎరువు తెచ్చుకొనవచ్చును. ఇంట దొంగప్రతి ఉన్నచో, దానిని తీసివేయుటకు కారణమేమో బిడ్డకు వివరించి, ఆ బిడ్డచేతనే తీసివేయింపవలెను. ఇతరుల శ్రమను మన్నించు గుణము ఆ వయస్సున నాటుకొన్నచో, పెద్దవాడై ఏ కాయకము చేపట్టినను అది వానిని విడువదు.