ఊటకు గట్టు ఎక్కడ?

నీటిలో ఉమ్మకూడదు, మలమూత్రాలు కలపకూడదు అన్న నిషేధం చాలా పాతది. మనుస్మృతి నాలుగో అధ్యాయంలో ఆ మాట ఉంది, తైత్తిరీయారణ్యకంలోనూ ఉంది. అది ఎంత దూరం వర్తిస్తుందన్నది మాత్రం తేలిగ్గా తేలే ప్రశ్న కాదు. నదికి గట్టు ఉంటుంది, కోనేటికి మెట్లు ఉంటాయి. సున్నపురాతి నేలలో పుట్టే ఊటకు అలాంటి హద్దు కంటికి ఆనదు. యాగంటి క్షేత్రంలో కొండ అడుగు నుంచి వచ్చి అగస్త్య పుష్కరిణిలో పడే నీరు ఎక్కడ కురిసిందో, ఏ నేల మీదుగా వచ్చిందో అందులో మునిగేవారికి తెలియదు. మరి ఆ పుష్కరిణిని కాపాడే ధర్మం ఎక్కడ మొదలవుతుంది?

ముందు నీటి నడక తెలియాలి. వాన నీరు మట్టిలోని కార్బన్ డయాక్సైడ్‌ను కలుపుకొని పలచని ఆమ్లంగా మారుతుంది. వేలకు వేల ఏళ్లు అది సున్నపురాతి పగుళ్లను కరిగిస్తూ పోతే సందులు బిలాలవుతాయి. ఇలాంటి నేలనే కార్స్ట్ అంటారు. ఇసుక నేలలో నీరు రేణువుల మధ్య మెల్లగా ఇంకుతూ తేరుకుంటుంది. కార్స్ట్‌లో ఆ అవకాశం తక్కువ. గొట్టంలో పారినట్లు పారిపోతుంది. 1877లో జర్మనీలో డాన్యూబ్ నది నీరు నేలలోకి ఇంకిపోయే చోట పది కిలోల ఫ్లోరసీన్ రంగు కలిపితే, పన్నెండు కిలోమీటర్ల అవతల ఆఖ్ ఊటలో అది రెండు మూడు రోజుల్లోనే పచ్చగా తేలింది. రంగు వచ్చిన దారిన రోగమూ వస్తుంది. కొండల నడుమ పుట్టింది కాబట్టి ఊట నీరు స్వచ్ఛమన్న నమ్మకం అందుకే ఇక్కడ చెల్లదు.

తెలుగునేలపై ఈ సంగతిని బెలుం గుహలంత స్పష్టంగా చెప్పే చోటు మరొకటి లేదనవచ్చు. నంద్యాల జిల్లాలో చదునైన పొలాల మధ్య బావుల్లాంటి గోతులే వీటికి వాకిళ్లు. 1884లో భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్ వీటి గురించి రాశాడు. దాదాపు నూరేళ్ల తర్వాత, 1982-83లో, గుహాన్వేషకుడు హెర్బర్ట్ డేనియల్ గెబౌర్ బృందం కొలిచి పటం గీసింది. మూడు కిలోమీటర్లకు పైగా సాగే ఈ గుహల్లో అన్నిటికంటే లోతైన చోట, 46 మీటర్ల దిగువన, పాతాళగంగ అనే ఏరు ఏడాది పొడుగునా పారుతుంది. కొంత దూరం పోయి రాతిలోకి దిగి మాయమవుతుంది. రెండు కిలోమీటర్ల అవతల ఉన్న బెలుం ఊరి బావిలోకి చేరేది ఆ నీరేనని అక్కడివారు నమ్ముతారు. అయినా 1988 వరకు చుట్టుపక్కల ఊళ్ల చెత్త ఈ గుహల్లోనే పోసేవారు. గంగ అని పిలుచుకున్న నీటి నెత్తిన చెత్త పోసినవారికి పాపభీతి లేదనుకోవడం అన్యాయం. బావిలో వాళ్లు చెత్త వేసి ఉండరు. గుహను గొయ్యిగా చూశారు గాని బావికి గట్టుగా చూడలేదు. లోపించింది ఎరుక, భక్తి కాదు.

ఇక్కడ వేదవిధుల అర్థాన్ని తేల్చే మీమాంసకుల విచారణ బాగా పనికివస్తుంది. విధి నిషేధాల ఫలాన్ని వారు రెండు రకాలుగా చూస్తారు: లోకంలో కనిపించేది దృష్టం, శాస్త్రం చెప్పినందువల్లనే తెలిసేది అదృష్టం. దృష్టఫలం దొరికే చోట అదృష్టాన్ని కల్పించుకోకూడదన్నది వారి నియమం. నీటి నిషేధాన్ని అదృష్టార్థంగానే తీసుకుంటే అది అక్షరానికి కట్టుబడిపోతుంది: నీటిలో వేయకపోతే చాలు, ఊటకు కోసు దూరాన ఉన్న బిలంలో వేస్తే దోషం లేదు. తాగేవారికి చేటు రాకూడదన్నదే ప్రయోజనమని ఒప్పుకుంటే, నీరు ఎక్కడ నేలలోకి దిగుతుందో అక్కడే గట్టు. ఈ రెండో పక్షమే నిలిచేది. దృష్టఫలం చెబితే పవిత్రత పలచబడుతుందన్న భయమూ అక్కర్లేదు. యజ్ఞానికి వడ్లు దంచమన్న విధిలో పొట్టు ఊడడం కనిపించే ఫలమే. గోళ్లతో ఒలవకుండా దంచే తీరాలన్న నియమానికి అదృష్టఫలం కూడా ఉందని మీమాంసకులే అన్నారు.

పుణ్యానికీ జలశాస్త్రానికీ పొత్తు ఈ నేలకు కొత్త కాదు. పుణ్యమిచ్చే సప్తసంతానాల్లో చెరువు ఒకటి. కడప ప్రాంతంలోని పోరుమామిళ్ల చెరువు శాసనం, 1369 నాటిది, తటాక నిర్మాణ పుణ్యాన్ని కీర్తించి ఊరుకోలేదు. మంచి చెరువుకు పన్నెండు సాధనాలు, ఆరు దోషాలు లెక్కపెట్టింది. ఆ సాధనాల్లో జలశాస్త్రం తెలిసిన పండితుడు ఒకడు. తెలియకుండా చేసే దానం లోపంతో కూడినదన్న గ్రహింపు అందులో ఉంది.

ఊట విషయంలో తెలుసుకోవడమంటే విడవకుండా కనిపెట్టి ఉండడం. నీరు ఎంత వస్తోంది, ఎంత వెచ్చగా ఉంది, మడ్డి ఎంత, విద్యుద్వాహకత ఎంత అన్నవి ఎడతెగక కొలవాలి. వాన పడ్డాక విద్యుద్వాహకత చప్పున పడిపోతే, రాయిని కరిగించే తీరిక లేకుండా పైనీరు నేరుగా ఊటను చేరిందన్నమాట. నెలకొకసారి, ఎండ కాసే రోజున సీసా నింపి పరీక్షకు పంపితే ఇది దొరకదు. చేటు తొలకరి వానలతోనే వస్తుంది. భారతీయ ప్రమాణం ప్రకారం నూరు మిల్లీలీటర్ల తాగునీటిలో ఈ.కోలి బాక్టీరియా ఒక్కటి కూడా కనిపించకూడదు. నైట్రేట్ లీటరుకు 45 మిల్లీగ్రాములు మించకూడదు. రంగు పరీక్షలతో ఏ గుంత ఏ ఊటకు చేరుతుందో తేల్చుకొని, ఆ గుంతల దగ్గరికి మరుగుదొడ్డి గోతులు, పెంటకుప్పలు, పురుగుమందు డబ్బాలు రాకుండా చూడడమే అసలైన రక్షణ.

తీర్థాన్ని పరీక్షించడం అపచారమన్న ఆక్షేపణ ఒకటి ఉంది. దానికి వీరభద్ర మిశ్ర జీవితమే సమాధానం. ఆయన కాశీలో సంకటమోచన ఆలయ మహంతు, బనారస్ హిందూ విశ్వవిద్యాలయంలో జలశాస్త్ర ఆచార్యుడు. 1982లో గంగ శుద్ధికి ఉద్యమం మొదలుపెట్టి, నీటిలో కోలిఫామ్ బాక్టీరియాను లెక్కించే ప్రయోగశాల నడిపించారు. 2013లో కన్నుమూశారు. లెక్కలు చూసి గంగను తల్లి కాదనలేదు, తల్లి అని లెక్కలు మానలేదు.

ఛత్తీస్‌గఢ్‌లోని నందిని దగ్గర, గట్టు ఎక్కడన్న ప్రశ్న మరింత గట్టిగా నిలుస్తుంది. దుర్గ్ జిల్లాలోని ఈ గని భిలాయి ఉక్కు కర్మాగారానికి సున్నపురాయి ఇస్తుంది. 1959 ఫిబ్రవరిలో కర్మాగారం తొలి బ్లాస్ట్ ఫర్నేస్ మొదలైంది. ఉద్యోగాలకు వెళ్లిన తెలుగు కుటుంబాలెన్నో భిలాయిలోనే స్థిరపడ్డాయి. నందిని సున్నపురాయిని చండీ శ్రేణి అంటారు. కొలిమికి వెళ్లే ఆ రాతి పగుళ్లే దుర్గ్, రాయపూర్ ప్రాంతపు ఊళ్ల బోర్లకు నీరు మోస్తాయి. పైమట్టి తీసేస్తే ఉన్న కాస్త వడపోతా పోతుంది. తవ్వకం నీటిమట్టం దాటితే పగుళ్లు వెలుగు చూస్తాయి. ఇక్కడి బోరు నీటికి స్థలపురాణం లేదు, పుష్కరిణి లేదు. నిషేధం దృష్టార్థమైనప్పుడు ఆ తేడా లెక్కకు రాదు: యాగంటిలో మునిగేవారికి ఉన్న హక్కే నందినిలో బోరు కొట్టి బిందె నింపుకునేవారికీ ఉంది. సున్నపురాతి నేలలో తవ్వి వదిలేసిన క్వారీ గుంతలో చెత్త గాని, కొలిమి చిట్టెం గాని పోస్తే, మనుస్మృతి కాదన్న పనే చేసినట్లు. అది నీటిలో వేయడమే.