తత్వశాస్త్రంలో తొలి పుస్తకం ఏది?

తత్వశాస్త్రం చదువుతామని వచ్చిన కొత్తవారి చేతిలో మనం సాధారణంగా ఒక చరిత్ర గ్రంథం పెడతాం. విల్ డ్యురాంట్ 1926లో ఇంగ్లిషులో రాసిన తత్వశాస్త్ర కథో, రాధాకృష్ణన్ భారతీయ తత్వశాస్త్ర సంపుటాలో, తెలుగులోనైతే నండూరి రామమోహనరావు ‘విశ్వదర్శనం’. మూడూ గొప్ప పుస్తకాలే. అయినా మొదటి మెట్టుగా అవి తగవని నా అభిప్రాయం. అవి చదివితే ఎవరేమన్నారో తెలుస్తుంది. ఆ మాట నిలుస్తుందా, కూలుతుందా అని తేల్చుకునే నేర్పు అలవడదు. పేర్లు పోగవుతాయి, ఆలోచన కదలదు. ఒక వాదాన్ని ఎలా కట్టాలో, ఎక్కడ విరుగుతుందో చూపే చిన్న పుస్తకమే ముందుండాలి.

కువైట్‌లో జరిగిన ఒక ప్రయత్నం ఈ మాటకు బలమిస్తుంది. అక్కడి జాతీయ సంస్కృతి, కళలు, సాహిత్య మండలి 1978 జనవరిలో ‘ఆలమ్ అల్ మఅరిఫా’ పేరుతో, మామూలు పాఠకుడు కొనగల ధరకు, నెలకో పుస్తకం వేయడం మొదలుపెట్టింది. ఆ మార్చిలో వచ్చిన మూడో పుస్తకం ఫువాద్ జకరియా రాసిన ‘శాస్త్రీయ ఆలోచన’. ఆయన ఈజిప్టు నుంచి వచ్చి కువైట్ విశ్వవిద్యాలయంలో తత్వశాస్త్రం బోధించిన ఆచార్యుడు. ప్లేటో ‘రిపబ్లిక్’ను అరబ్బీలోకి తెచ్చాడు, స్పినోజా మీద పుస్తకం రాశాడు. అంత చరిత్ర ఎరిగినవాడు ఇక్కడ తత్వవేత్తల వరుస పెట్టలేదు. మూఢనమ్మకం, పెద్దల మాటకు గుడ్డిగా తలొగ్గడం, దురభిమానం, తప్పుదోవ పట్టించే ప్రచారం మన బుద్ధిని ఎలా కట్టేస్తాయో విప్పిచెప్పాడు. బెర్ట్రండ్ రసెల్ పాశ్చాత్య తత్వ చరిత్రకు ఆయన చేసిన అనువాదం అదే గ్రంథమాలలో 1983లో వచ్చింది. ముందే అనుకుని చేసినా, చేయకపోయినా పాఠకుడికి మేలు చేసే క్రమం అదే.

చరిత్ర తెలియకుండా ప్రశ్నలకు వేరు ఎక్కడ దొరుకుతుందని ఎవరైనా అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. అందుకే చరిత్ర రెండో పుస్తకం కావాలి. తూచడం నేర్చినవాడికే అందులోని భేదాభిప్రాయాలు రుచిస్తాయి. ఇంతకంటే బరువైన ఆక్షేపణ భక్తుల నుంచి వస్తుంది. కడప, అన్నమయ్య, గోదావరి జిల్లాల నుంచి కువైట్ వెళ్లి కష్టపడే మనవాళ్లలో చాలామందికి గీతో, బైబిలో, ఖురానో అండ. తర్కం నేర్పితే ఆ అండ పోదా అన్నది వారి భయం. దీనికి జవాబు మన నేలమీదే ఉంది. పదిహేడో శతాబ్దపు తెలుగువాడు అన్నంభట్టు బాలురకు సులువుగా తెలియాలనే ‘తర్కసంగ్రహం’ రాశాడు, దానికి తానే ‘దీపిక’ వ్యాఖ్య చేర్చాడు. అంత చిన్న పుస్తకంలో ప్రత్యక్షం, అనుమానం (గుర్తును బట్టి ఊహించడం), ఉపమానం (పోలిక), శబ్దం (నమ్మదగినవారి మాట) అనే ప్రమాణాలన్నీ, అంటే నిజం తెలుసుకునే దారులన్నీ ఉన్నాయి. హేతువులా కనబడి మోసగించే హేత్వాభాసాలు ఐదూ ఉన్నాయి. ఈశ్వరుణ్ణి ఒప్పుకున్నాడు, శబ్దాన్ని ప్రమాణంగా నిలిపాడు, అయినా తర్కాన్నే ముందు నేర్పాడు. ఆ పుస్తకంలోని ఉదాహరణలాగా కొండమీద పొగను చూసి నిప్పును ఊహించడంలో తప్పెక్కడ జరగవచ్చో తెలిస్తే, ఎవరి విశ్వాసమూ చెడదు. విశ్వాసం పేరుతో మోసగించేవాడి పప్పులే ఉడకవు.

మూలగ్రంథాలే చదవమనేవారి మాట ఇక్కడ చెల్లదు. గురువు పక్కన లేనివాడు శంకర భాష్యంతోగానీ, కాంట్‌తోగానీ మొదలుపెడితే పది పుటల్లోనే వదిలేస్తాడు. కువైట్‌లోని తెలుగు సంఘాలకు నా విన్నపం ఒకటే: గ్రంథాలయం పెట్టదలిస్తే మొదటి అరలో తేటతెలుగు తాత్పర్యంతో ‘తర్కసంగ్రహం’ ఉంచండి, ఇంగ్లిషు చదవగలవారి కోసం రసెల్ 1912లో రాసిన ‘ప్రాబ్లమ్స్ ఆఫ్ ఫిలాసఫీ’ ఉంచండి, ‘విశ్వదర్శనం’ రెండో అరలో పెట్టండి.