కంపెనీది ఏ ఊరు?

పాలమూరులో కొత్త మనిషి కనబడితే ముందు వచ్చే ప్రశ్న "మీదే ఊరు?" జవాబును బట్టి చుట్టరికాలు కలుస్తాయి, ఎంత నమ్మొచ్చో తేలుతుంది. ఇదే ప్రశ్న ఒక కంపెనీని అడిగితే? అమెరికన్ కోర్టులు రెండు వందల ఏళ్లకు పైగా అడుగుతూనే ఉన్నాయి. చూడ్డానికి ఇది లాయర్ల గొడవ. కానీ కాస్త తవ్వితే లోపల ఒక నైతిక ప్రశ్న ఉంది: తగాదా వచ్చినప్పుడు ఎవరు ఎవరి ఊరికి వెళ్లాలి?

అమెరికాలో రాష్ట్రాల కోర్టులు వేరు, ఫెడరల్ కోర్టులు వేరు. వాది ఒక రాష్ట్ర పౌరుడు, ప్రతివాది ఇంకో రాష్ట్ర పౌరుడు అయి, తగాదా విలువ 75,000 డాలర్లు దాటితే కేసు ఫెడరల్ కోర్టుకు వెళ్లొచ్చు. దీన్ని డైవర్సిటీ జ్యూరిస్‌డిక్షన్ అంటారు. స్థానిక కోర్టు తమ ఊరివాడి వైపు మొగ్గుతుందేమోనన్న భయమే దీనికి మూలం. అంటే బయటివాడికి ఒక రక్షణ. మంచి ఆలోచనే.

మరి కంపెనీ ఎక్కడి పౌరుడు? 1809లో అక్కడి సుప్రీంకోర్టు కంపెనీ వెనకున్న మనుషులు ఎక్కడివాళ్లో చూడమంది. 1844లో మాట మార్చి, ఏ రాష్ట్రంలో రిజిస్టరైతే ఆ రాష్ట్రానిదే అంది. దాంతో ఊరు మారడం కాగితం పనైపోయింది. కెంటకీలోని బౌలింగ్ గ్రీన్ రైల్వే స్టేషన్ దగ్గర టాక్సీలు నడిపే ఒక కంపెనీకి రైల్వేతో గుత్త ఒప్పందం ఉంది. అలాంటివి కెంటకీ కోర్టుల్లో చెల్లవు. ఓనర్లు కంపెనీని మూసేసి, టెనెసీలో కొత్తగా రిజిస్టర్ చేయించి, 'మేం బయటివాళ్లం' అంటూ ఫెడరల్ కోర్టుకెళ్లారు. 1928లో సుప్రీంకోర్టు దాకా వెళ్లి గెలిచారు కూడా. టాక్సీలు మాత్రం అదే స్టేషన్ ముందు!

1958లో చట్టం మార్చి, ప్రధాన వ్యాపార స్థలమున్న రాష్ట్రాన్నీ లెక్కలోకి తెచ్చారు. ఆ స్థలం ఏదో 2010లో హెర్ట్జ్ కేసులో తేలింది. కాలిఫోర్నియా ఉద్యోగులు జీతాల విషయమై వేసిన దావా అది. పెద్ద అధికారులు కూర్చుని కంపెనీని నడిపించే చోటే ప్రధాన స్థలమని కోర్టు చెప్పింది. అప్పట్లో హెర్ట్జ్ హెడ్డాఫీసు న్యూజెర్సీలో ఉండేది. చేతులెక్కడ కష్టపడినా, ఊరు మాత్రం మెదడున్న చోటే.

మనకు పౌరసత్వం ఒక్కటే కాబట్టి ఈ చిక్కు ఇదే రూపంలో రాదు. అయితే కంపెనీ పౌరుడా కాదా అన్న ప్రశ్న తెలుగు నేల నుంచే ఢిల్లీకి వెళ్లింది. విశాఖపట్నం కమర్షియల్ టాక్స్ ఆఫీసర్ మీద స్టేట్ ట్రేడింగ్ కార్పొరేషన్ వేసిన కేసులో, 1963లో 9 మంది జడ్జిల బెంచ్ మెజారిటీతో తేల్చింది: కంపెనీ పౌరుడు కాదు, 19వ ఆర్టికల్ హక్కులు దానికి రావు. సరే, పౌరుడు కాకపోయినా అడ్రస్ ఉంటుంది కదా. బిల్లు కింద చిన్న అక్షరాల్లో 'సబ్జెక్ట్ టు ముంబై జ్యూరిస్‌డిక్షన్' అని కనిపించేది అదే. తగాదా వస్తే నువ్వే మా ఊరికి రావాలి అని దాని అర్థం.

ఇప్పుడు పాలమూరు లేబర్ సంగతి చూద్దాం. గుంపు మేస్త్రీ వెంట రాష్ట్రం దాటి పనికెళ్లిన మనిషి, కూలి డబ్బులు ఆగిపోయి తిరిగొచ్చాడనుకోండి. ఆ డబ్బుల కోసం మళ్లీ అప్పు చేసి బస్సెక్కాలా? 1979లో చేసిన అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం దీనికో దారి పెట్టింది. 2025లో ఆ చట్టం రద్దయ్యేదాకా, సొంత రాష్ట్రానికి తిరిగొచ్చిన కార్మికుడు ఆరు నెలల్లోపు దరఖాస్తు పెట్టుకుంటే, వివాదాన్ని ఇక్కడి అధికారుల ముందుకే పంపే వీలుండేది. 2019 వినియోగదారుల చట్టం కూడా అంతే. నల్లగొండలో ఉండే కొనుగోలుదారు, కంపెనీ ఆఫీసు ఎక్కడున్నా, నల్లగొండ జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు చేయొచ్చు. 1986 చట్టంలో ఈ వీలు లేదు.

ఇక్కడ ఒక అభ్యంతరం ఉంది, తేలిగ్గా తీసిపారేయలేం. పోచంపల్లిలో ఒక నేత కుటుంబం ఆన్‌లైన్‌లో చీర అమ్మింది. కొన్నామె కోల్‌కతాలో ఫిర్యాదు చేసింది. నల్లగొండ మనిషిని కాపాడిన సెక్షనే ఇప్పుడు ఈ కుటుంబాన్ని కోల్‌కతాకు పిలుస్తుంది. చట్టం దృష్టిలో మగ్గం పెట్టుకున్నవాళ్లూ, దేశమంతా గోడౌన్లున్న కంపెనీ కూడా 'అమ్మినవాళ్లే'. వీడియోలో హాజరయ్యే వీలు 2019 చట్టంలోనే ఉంది, అది కొంత నయం. కానీ భాష, లాయరు ఫీజు, పోగొట్టుకునే రోజు కూలి వీడియోలో తగ్గవు.

అందుకే నాకనిపించేది, ఊరు తేల్చడానికి అడ్రస్ సరైన కొలత కాదు. పరాయి ఊరి కోర్టులో బయటివాడికి భయం ఉంటుందన్న అమెరికన్ల ఊహ నిజమే. కానీ ఆ భయం రిజిస్ట్రేషన్ కాగితానికి పుట్టదు, దారిఖర్చులు లెక్కపెట్టుకునే మనిషికి పుడుతుంది. హెడ్డాఫీసు న్యూజెర్సీలో ఉన్నంత మాత్రాన, కాలిఫోర్నియాలో రోజూ కౌంటర్లు తెరిచే కంపెనీ అక్కడ పరాయిది కాదు. కూలి కోసం ముంబై వెళ్లినవాడు, అక్కడ పదేళ్లున్నా, కోర్టు మెట్ల మీద పరాయివాడే.

దూరం ఎవరికి తక్కువ బరువో వాళ్లే నడవాలి. ఏ చట్టమూ దీన్ని ఇంత సూటిగా రాసుకోలేదు, రాయడం తేలిక కూడా కాదు. కానీ తగాదా ఎక్కడ తేలాలని అడిగిన ప్రతిసారీ, ఎవరిది ఏ ఊరు అన్నదాంతో పాటు ఎవరి దగ్గర బస్సు చార్జీ ఉందో కూడా అడగాల్సిందే.