అడ్డదారిలో నిండిన చిట్టా



కొన్ని వారాల క్రితం ఆదివారపు పూజ ముగిశాక ఇద్దరు అన్నదమ్ములు తగవు తీర్చమని నా దగ్గరకు వచ్చారు. పెద్దవాడు పదో తరగతి, చిన్నవాడు ఏడో తరగతి. తగవు సైకిలు గురించి కాదు, క్రికెట్ బ్యాటు గురించి కాదు. సెల్‌ఫోనులో ఆడే ఒక ఆట గురించి. నవ్వి పంపేద్దామనుకున్నాను. కాని చిన్నవాడు అడిగిన ఒక ప్రశ్న నన్ను చాలా రోజులు వదలలేదు. అందుకే ఈ వారం దాని గురించే రాస్తున్నాను.

ఆట తెలియని పెద్దల కోసం రెండు మాటలు. దాని పేరు పోకెమాన్ గో. 2016 జూలైలో కొన్ని దేశాలలో మొదలై, అదే సంవత్సరం డిసెంబరులో మన దేశానికి వచ్చింది. చిత్రవిచిత్రమైన ఊహాజీవులను వెదకి పట్టుకుని చిట్టా నింపుకోవడమే ఆట. ఇంట్లో కూర్చుంటే చిట్టా నిండదు. ఫోను చేతపట్టుకుని నిజంగా నడవాలి. మనం ఏ చోట ఉన్నామో ఫోను ఉపగ్రహాల సాయంతో తెలుసుకుని, ఆ చోట ఉన్న జీవులను చూపిస్తుంది. ఆటలో దొరికే గుడ్లు పొదగాలంటే 2, 5, 10 కిలోమీటర్లు చొప్పున నడవాలి. కొన్ని జీవులు కొన్ని ఖండాలలోనే మామూలుగా దొరుకుతాయి. కంగారూను పోలిన కంగస్ఖాన్ అనేది ఆస్ట్రేలియాది.

పెద్దవాడు రెండు వేసవి సెలవులు కాలువ గట్ల మీద తిరిగి చిట్టా నింపుకుంటున్నాడు. గుణదల మాత ఉత్సవాలకు వెళ్ళినప్పుడు అక్కడ దొరికినవాటి గురించి ఇప్పటికీ చెబుతాడు. చిన్నవాడు ఎవరో చెప్పగా ఒక దొంగ యాప్ వేసుకున్నాడు. అది ఫోనుకు అబద్ధం చెబుతుంది. వాడు ఉన్నది మంచం మీద, ఫోను లెక్కలో సిడ్నీ నగరంలో. రెండు వారాలు తిరిగేసరికి తమ్ముడి చిట్టా అన్న చిట్టాను దాటిపోయింది.

“అదంతా దొంగ లెక్క ఫాదర్” అన్నాడు పెద్దవాడు.

“మన ఊళ్ళో ఏముంటాయి ఫాదర్? పట్నం పిల్లలకు గుమ్మం ముందే దొరుకుతాయి. మేము ఎండలో ఎంత తిరిగినా దొరకవు. చిట్టా నిండటమే కదా కావలసింది?” అన్నాడు చిన్నవాడు. అంతటితో ఆగలేదు. “సిలువ మీద దొంగ మాత్రం అడ్డదారిన పోలేదా? జీవితమంతా దొంగతనం చేసి, చివరి గంటలో పరలోకం కొట్టేశాడు కదా!”

సత్యోపదేశ తరగతి శ్రద్ధగానే వింటున్నాడన్నమాట! ఆలోచించి చెబుతానని ఇద్దరినీ పంపించాను.

ముందుగా ఒక మాట ఒప్పుకోవాలి. ఆ బిడ్డ ఫిర్యాదులో న్యాయం ఉంది. ఈ ఆటలో పట్నంలో దొరికినన్ని పల్లెలో దొరకవు. లోకంలో చాలా విషయాలు అలాగే ఉన్నాయి. అన్యాయం చూసినవాడికే అడ్డదారి తొక్కాలనిపిస్తుంది. కాబట్టి వాడిని గద్దించి ఊరుకుంటే సరిపోదు.

ఈ ఆటకు మూలమైన పాత ఆట ఎలా పుట్టిందో తెలుసుకుంటే కొంత జవాబు దొరుకుతుంది. సతోషి తజిరి అనే జపాను దేశస్థుడు 1965లో జన్మించాడు. టోక్యో శివార్లలోని మచిదలో పెరిగాడు. చిన్నతనంలో చెరువుల దగ్గర, చెట్ల కింద పురుగులు పట్టడం ఆయనకు పిచ్చి ఇష్టం. ఆయన పెరిగి పెద్దయ్యేసరికి ఆ చెరువులు, చెట్లు పోయి ఇళ్ళు, భవనాలు వచ్చాయి. తాను పొందిన ఆనందం తర్వాతి పిల్లలకు కూడా దొరకాలని ఆయన ఆశించాడు. సుమారు ఆరేళ్ళ శ్రమ తర్వాత 1996 ఫిబ్రవరి 27న ఆ ఆట గేమ్ బాయ్ అనే చేతి యంత్రం కోసం జపానులో వెలువడింది.

దానిని ఎరుపు, ఆకుపచ్చ అని రెండు రకాలుగా విడుదల చేశారు. చిట్టా నిండాలంటే 150 జీవులు కావాలి. ఎరుపులో ఉన్నవి కొన్ని ఆకుపచ్చలో ఉండవు, ఆకుపచ్చలో ఉన్నవి కొన్ని ఎరుపులో ఉండవు. నాలుగు జీవులైతే, రెండు యంత్రాలను తీగతో కలిపి మరొకరికి ఇచ్చినప్పుడే ఎదిగి పూర్తి రూపం పొందుతాయి. అంటే ఏ బిడ్డా ఒంటరిగా చిట్టా నింపలేడు. ఇంకొక బిడ్డ ఇంటికి వెళ్ళి, పక్కన కూర్చుని, తనది ఇచ్చి అతనిది పుచ్చుకోవాలి. 150 పూర్తిచేసినవాడికి ఇచ్చే బహుమతి ఏమిటో తెలుసా? తెర మీద కనిపించే ఒక యోగ్యతాపత్రం. అంతే.

ఆ రోజుల్లోనే అడ్డదారులూ వచ్చాయి. యంత్రపు జ్ఞాపకంలోని అంకెలను మార్చి, కోరిన జీవిని కళ్ళముందు నిలబెట్టే పరికరాలు బజారులో అమ్మారు. వాటిని వాడిన పిల్లవాడికి కూడా అదే యోగ్యతాపత్రం వచ్చింది, ఒక్క అక్షరం తక్కువ కాకుండా. అయితే అతను ఏమి పోగొట్టుకున్నాడు? చెరువు గట్టును, వెదుకులాటను, పక్కన కూర్చునే స్నేహితుణ్ణి పోగొట్టుకున్నాడు. ఆట తయారైంది వాటి కోసమే. చిట్టా వాటికి గుర్తు మాత్రమే.

అయితే ప్రతి సాయమూ అడ్డదారి కాదు. ఏ జీవి ఎక్కడ దొరుకుతుందో పుస్తకం చూసి తెలుసుకోవచ్చు. స్నేహితుణ్ణి అడగవచ్చు. మన దగ్గర ఎక్కువున్నది ఇచ్చి లేనిది తీసుకోవచ్చు. ఇవన్నీ ఆటలోని భాగాలే. ఒంటరిగా ఆడుకునే పాత ఆటలో, పని నుంచి అలసి వచ్చినవాడు విసుగు పుట్టించే భాగాన్ని తొందరగా దాటేస్తే దానిని నేను పాపమనను. విశ్రాంతి దినం మనిషి కోసమని ప్రభువు నేర్పించారు. ఆట విషయమూ అంతే. కాని దేని కోసం ఆటలోకి వచ్చామో దానినే తీసేస్తే మిగిలేది ఏమిటి? ఆ చిన్నవాడి తల్లి నాతో చెప్పింది: “చిట్టా నిండిన దగ్గర్నుంచి వీడు ఆ ఆట ముట్టుకోవడం లేదు ఫాదర్‌గారూ. అన్నయ్యతో మాట్లాడటం కూడా మానేశాడు.”

మత్తయి సువార్త 4వ అధ్యాయంలో పిశాచం క్రీస్తునాథునికి చూపించినదీ అడ్డదారే. లోకరాజ్యాలన్నీ ఇస్తానన్నది. అవి ఎలాగూ ఆయనకు చెందవలసినవే. కాని సిలువ లేకుండా, శిష్యులతో ఆ మూడేళ్ళ నడక లేకుండా, ఒక్క మోకరింపుతో తీసుకోమన్నది. ప్రభువు ఒప్పుకోలేదు. పునీత పౌలు గారు తిమోతికి రాసిన రెండవ లేఖలో, నియమం ప్రకారం పోటీపడని ఆటగాడికి కిరీటం దక్కదని గుర్తు చేశారు.

ఆ దొంగ యాప్ చేసే పని గురించి కూడా ఆలోచించండి. అది చెప్పే అబద్ధం ఒక్కటే: నేను ఎక్కడున్నాను అన్నది. పాపం చేసి చెట్ల చాటున దాక్కున్న ఆదామును దేవుడు మొదట అడిగినదీ అదే. అతడెక్కడున్నాడో దేవునికి తెలియక అడగలేదు. ఉన్నచోటు నుంచి నిజం చెబితే తిరుగుదారి మొదలవుతుందని అడిగారు. మన పాపసంకీర్తనం కూడా ఆ ప్రశ్నకు మనమిచ్చే జవాబే.

ఇక మంచి దొంగ సంగతి. అతను అడ్డదారిన వెళ్ళాడా? లూకా సువార్త 23వ అధ్యాయం మళ్ళీ చదవండి. తానెక్కడున్నాడో అతను దాచలేదు. తనకు పడిన శిక్ష న్యాయమైనదేనని అందరి ముందు ఒప్పుకున్నాడు. పరలోకాన్ని కొట్టేయలేదు, తనను జ్ఞాపకం ఉంచుకోమని మాత్రమే అడిగాడు. ప్రభువు ఇచ్చారు.

ఆ పాత ఆటలోనే దీనికి ఒక పోలిక ఉంది. 150 జీవులు కాక మ్యూ అనే 151వది ఒకటుంది. తయారీదారులు చివరి క్షణంలో దానిని లోపల దాచారు. మామూలుగా ఎంత ఆడినా అది ఎదురుపడదు. 1996లో ఒక జపాను పిల్లల పత్రిక 20 మంది పాఠకులను ఎంపిక చేసి దానిని కానుకగా ఇప్పించింది. యోగ్యతాపత్రానికి అది అక్కరలేదు. అది ఎవరూ సంపాదించుకునేది కాదు. ఇచ్చేవాడు ఇస్తే పుచ్చుకునేది. వరప్రసాదం అలాంటిది. అడ్డదారిలో ఇచ్చేవాడు ఉండడు, లాక్కునే చెయ్యి మాత్రమే ఉంటుంది. వరప్రసాదంలో ఇచ్చే ప్రభువు ఉన్నాడు, చాచిన చెయ్యి ఉంది.

ఆటలే చెడ్డవని నేను అనడం లేదు. 2025 సెప్టెంబరు 7న 14వ లియో పోపుగారు పునీతునిగా ప్రకటించిన కార్లో అకుటిస్ వీడియో గేములు ఆడిన బాలుడే. వారానికి ఒక గంట మాత్రమే ఆడాలని తనకు తానే హద్దు పెట్టుకున్నాడు. అతనూ ఒక సేకరణ చేశాడు. లోకమంతటా జరిగిన దివ్యసత్ప్రసాద అద్భుతాల వివరాలను ఓపికగా పోగుచేసి, అందరూ చూసేలా కంప్యూటరులో అమర్చాడు. 2006లో 15 ఏళ్ళకే మరణించిన ఆ బాలుడు, దివ్యసత్ప్రసాదాన్ని పరలోకానికి రాజమార్గమని నమ్మాడు. ఆ మార్గంలో అతను ప్రతిరోజూ పూజకు నడిచాడు.

తల్లిదండ్రులారా, మన ఆత్మశోధన కూడా చేసుకుందాం. పిల్లలకు ఆ దొంగ యాప్ గురించి చెప్పింది ఎవరో స్నేహితుడు కావచ్చు. కాని అడ్డదారి తప్పుకాదని ఎవరు నేర్పారు? బడిలో ఇచ్చిన ప్రాజెక్టు పనిని డబ్బిచ్చి చేయించేది మనమే. వరుసలో నిలబడకుండా తెలిసినవాళ్ళ చేత పని కానిచ్చుకునేదీ మనమే. వివాహ శిక్షణ తరగతులకు రాకుండా సర్టిఫికెట్ మాత్రం ఇప్పించమని నన్ను అడిగినవారున్నారు. అందరి ముందూ ఒప్పుకుంటున్నాను, ఒకసారి మొహమాటానికి ఇచ్చాను కూడా. ఆ దంపతులకు కష్టం వచ్చిన రోజున ఆ కాగితం వాళ్ళకు ఏమీ చెప్పలేకపోయింది. ఆ తరగతులలో కూర్చుని ఉంటే కొంతైనా తోడుండేది.

ఆటలోనైనా, చదువులోనైనా, భక్తిలోనైనా దగ్గరిదారి కనిపించినప్పుడు మూడు ప్రశ్నలు వేసుకోండి. ఈ దారిలో నేను అబద్ధమాడాలా? ఇందువల్ల ఇంకొకరి శ్రమకు విలువ తగ్గుతుందా? నేను దేని కోసం బయలుదేరానో అదే ఇందులో పోతుందా? మూడింటికీ కాదు అని జవాబు వస్తే నిశ్చింతగా వెళ్ళండి.

తర్వాతి ఆదివారం ఆ అన్నదమ్ములకు ఇదంతా చెప్పాను. పెద్దవాడికి ఇంకొక మాట కూడా చెప్పాను. “తప్పిపోయిన కుమారుడి కథలో అన్న ఒక్క తప్పూ చేయలేదు. కాని తమ్ముడు తిరిగివస్తే ఇంట్లోకి రానన్నాడు. నీ చిట్టా నిజమైనదే నాన్నా, దానితో తమ్ముణ్ణి కొట్టకు.” వాడు తల వంచుకున్నాడు. చిన్నవాడు ఆ యాప్ తీసేస్తే మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాలా అని అడిగాడు. మొదలుపెట్టమన్నాను. మొన్న సాయంత్రం జపమాలకు ముందు ఇద్దరూ కాలువ గట్టు మీద కనిపించారు. చిన్నవాడి చిట్టాలో తొమ్మిది ఉన్నాయట. అందులో రెండు అన్న చూపించినవని చెప్పాడు.

ప్రభువు మన కుటుంబాలను దీవించునుగాక.