తంతీ, తెలియదనే సాకూ

లోకంలో అన్యాయానికి సగం కారణం మనుషులకు ఒకరి సంగతి ఒకరికి తెలియకపోవటమేననీ, వార్త త్వరగా చేరితే అన్యాయం దానంతటదే తగ్గుతుందనీ నమ్మేవాళ్ళు ఉన్నారు. 1858లో అట్లాంటిక్ సముద్రం అడుగున మొదటి తంతితీగ పడ్డప్పుడు, ఇక దేశాల మధ్య యుద్ధాలుండవని చాలామంది సంబరపడ్డారు. చేతిలో ఫోను పట్టుకుని ఈనాడు మనమూ ఇంచుమించు అదేమాట అంటున్నాం. ఈ నమ్మకంలో నిజమెంత? తెలియటానికీ, బాధ్యత వహించటానికీ ఉన్న సంబంధమేమిటి? మన తెలుగు జిల్లాల అనుభవాన్ని పెట్టుకుని ఈ ప్రశ్నను పరిశీలించాలని నా ఉద్దేశం.

మన దేశానికి తంతి జనం క్షేమసమాచారాల కోసం రాలేదు. ఓషానెసీ అనే డాక్టరు కలకత్తా నుంచి డైమండ్ హార్బరుకు వేసిన తీగ 1851లో పనిచెయ్యసాగింది. 1855 నాటికి కలకత్తా, ఆగ్రా, బొంబాయి, మద్రాసు ఒకదానితో ఒకటి కలిశాయి. 1857 మే 11న తిరుగుబాటు వార్త ఢిల్లీ నుంచి అంబాలాకు తీగమీదనే పోయింది. కంపెనీవాళ్ళు పంజాబులో ముందుగా జాగ్రత్తపడటానికి అది తోడ్పడింది. సిపాయిలు అనేకచోట్ల తీగలు తెంచారు. ఆ తీగ ఎవరి పక్షాన పనిచేస్తున్నదో ఎవరూ వాళ్ళకు ఉపన్యాసమిచ్చి చెప్పనక్కర్లేకపోయింది.

1870లో బొంబాయికీ లండన్‌కూ సముద్రగర్భపు తీగ కలిసింది. ఆరేళ్ళకు, 1876లో, వానలు లేక బళ్ళారి, కర్నూలు, కడప జిల్లాలు మాడిపోయాయి. ఓడలమీద జాబులు నడిచే రోజుల్లో అయితే, "మాకు కబురు ఆలస్యంగా అందింది" అని పాలకులు చెప్పుకోగలిగేవారు. ఇప్పుడా సాకు పోయింది. మద్రాసులో ఏం జరుగుతున్నదో కలకత్తాకూ, లండన్‌కూ వెంటవెంటనే తెలుస్తూనే ఉంది.

తెలిసి ఏం చేశారు? మద్రాసు ప్రభుత్వం 30,000 టన్నుల ధాన్యం కొనబోతే, వ్యాపారంలో జోక్యం కూడదని వైస్రాయి లిట్టన్ ప్రభుత్వం ఆక్షేపించింది. 1877లో రిచర్డ్ టెంపుల్ వచ్చి, కరువుపనిలో కష్టపడే మగవాడికి రోజుకు ఒక పౌను ధాన్యమూ, ఒక అణా చాలునన్నాడు. అది చాలదని శానిటరీ కమిషనర్ కోర్నిష్ వాదించాడు. ధాన్యం ధరలు తీగమీద బజారునుంచి బజారుకు పాకాయి. కొనగలిగిన చోటికే ధాన్యం పోయింది. దేశం నుంచి ఎగుమతులు ఆగలేదు. 1878 వరకు సాగిన ఆ కరువులో బ్రిటిష్ పాలిత ప్రాంతాల్లోనే 50 లక్షలమందికి పైగా చచ్చిపోయారు.

నాకు ఇక్కడ ముఖ్యంగా కనిపించేది ఇది: "తెలియదు" అనే సాకు పోయినచోట "సిద్ధాంతం ఒప్పుకోదు" అనే సాకు వచ్చి కూచుంది. మార్కెట్ నియమాలను ప్రకృతి నియమాలన్నట్టు చెప్పి, తెలిసీ ఊరుకోవటాన్నే ధర్మం చేశారు. అజ్ఞానాన్నయితే వార్తతో పోగొట్టవచ్చు. స్వప్రయోజనాన్ని వార్త పోగొట్టదు.

"పనిముట్టుకు నీతీ అవినీతీ లేవు, అంతా వాడుకునేవాణ్ణి బట్టే" అని కొందరంటారు. ఈ వాదంలో కొంత నిజం లేకపోలేదు. 1877 ఆగస్టులో మద్రాసు సభ చేసిన విజ్ఞప్తి అదే తీగమీద లండన్ చేరింది. అక్కడి సామాన్యులు కూడా చందాలిచ్చారు. కాని ఈ వాదం ఒక సంగతిని కప్పిపుచ్చుతుంది. తంతికి మాటకింత అని డబ్బివ్వాలి. కర్నూలు రైతు ఆ తంతివార్తల్లో ఒక అంకె అయినాడేగాని, తన నోటితో ఒక్క మాట పంపలేకపోయాడు. ఎవరు మాట్లాడగలరు, ఎవర్ని గురించి మాత్రమే మాట్లాడతారు అన్నది పనిముట్టు యజమాన్యంలోనే ఇమిడి ఉంది. అలాగని తీగను తిట్టటమూ తెలివి కాదు. ఆ తిట్టు అసలు మనుషుల్ని తప్పిస్తుంది.

మన దేశంలో టెలిగ్రాం 2013 జులైలో ఆగిపోయింది. పల్లెల్లో తంతి వచ్చిందంటే చదవకముందే ఏడుపులు లేచేవి; పేదవాడికి తీగ తెచ్చేది చాలాసార్లు చావుకబురే గనక. 1885 నాటి తంతిచట్టం సందేశాలను ఆపటానికీ, చూడటానికీ ప్రభుత్వానికిచ్చిన అధికారం మాత్రం టెలిగ్రాంతో పోలేదు. 2023లో వచ్చిన కొత్త చట్టంలోనూ అది ఉంది.

ఈనాడు ఒక ఊరి కష్టం క్షణంలో కోట్లమందికి తెలుస్తుంది. తెలిసినవాళ్ళందరి బాధ్యతా సమానం కాదు; చెయ్యగల అధికారం ఉన్నవాడిదే ఎక్కువ. కాని అధికారం లేని మనం కూడా, చూసి అయ్యో అనుకున్నంతలో చేతులు కడుక్కోలేం. తెలిసీ చెయ్యనివాళ్ళు ఏ సిద్ధాంతం చాటున నిలబడ్డారో బయటపెట్టి, అడగటం మన వంతు. రచయితకు ఇంతకన్న పెద్ద పని ఏముందో నాకు తోచదు.